గురక మధ్యలో ఊపిరి ఆగుతోంది.. నిద్రమాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: మా వారికి 47 ఏళ్లు, బరువు 96 కిలోలు. ట్యాక్సీ నడుపుతారు. రాత్రి పెద్దగా గురక పెడుతూ ఉన్నట్టుండి ఆగిపోతారు. కాసేపటికి ఉలిక్కిపడి గట్టిగా ఊపిరి తీసుకుంటారు. పగలంతా మగతగా ఉంటోందని, నిద్రమాత్రలు వేసుకుంటానని అంటున్నారు. నాకేమో పడుకుంటే కాళ్లు లాగి నిద్ర పట్టదు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: నిద్రమాత్రలు మాత్రం వేసుకోనివ్వకండి. మీరు చెప్పినదాన్ని బట్టి ఆయనకు స్లీప్ ఆప్నియా ఉండే అవకాశం చాలా ఎక్కువ. నిద్రలో గొంతు కండరాలు వదులై శ్వాస మార్గం మూసుకుపోతుంది. 10 సెకన్లో, అంతకంటే ఎక్కువసేపో ఊపిరి అందదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గేసరికి మెదడు ఆయన్ను లేపుతుంది. గంటకు 30 సార్లు, ఆపైన ఇలా జరిగితే సమస్య తీవ్రంగా ఉన్నట్టే. తెల్లారాక ఇవేవీ ఆయనకు గుర్తుండవు. అందుకే ఎనిమిది గంటలు పడుకున్నా మత్తు వదలదు. నిద్రమాత్రలు గానీ, మద్యం గానీ తీసుకుంటే గొంతు కండరాలు ఇంకా వదులవుతాయి, మెలకువ రావడమూ ఆలస్యమవుతుంది.

లేవగానే తలనొప్పి, నోరు ఎండిపోవడం, రాత్రి పలుమార్లు మూత్రానికి లేవడం, మందులు వాడినా బీపీ అదుపులోకి రాకపోవడం.. ఇవి ఉన్నాయేమో గమనించండి. ఆయన నిద్రపోతున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీసి పల్మనాలజిస్టుకు (ఊపిరితిత్తుల డాక్టరుకు) చూపించండి. మా డాక్టర్లకు అది ఎంతో ఉపయోగపడుతుంది. నిద్రలో శ్వాస, ఆక్సిజన్ ఎలా ఉన్నాయో చూసే స్లీప్ స్టడీ చేస్తే సమస్య ఏ స్థాయిలో ఉందో తేలుతుంది. అవసరమైతే సీప్యాప్ మెషీన్ ఇస్తారు. మాస్క్ ద్వారా అది పంపే గాలి ఒత్తిడికి శ్వాస మార్గం మూసుకుపోదు. మాస్క్‌తో మొదట్లో చిరాకు పడేవాళ్లు చాలామంది ఉంటారు, అలవాటయ్యేదాకా మీరే ఓపికగా చెప్పాలి. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం కూడా మేలు చేస్తాయి.

నాకు ఎక్కువ భయం కలిగిస్తున్నది ఆయన డ్రైవింగే. స్టీరింగ్ ముందు క్షణం సేపు కునుకు పట్టినా ప్రాణాల మీదికి వస్తుంది. చికిత్స మొదలై ఆ మగత పోయేవరకు బండి తీయవద్దని చెప్పండి. ఇల్లు గడవడం కష్టమని తెలిసే చెబుతున్నాను.

ఇక మీ విషయం. కాళ్లు కదిలిస్తే హాయిగా ఉండి, ఆపితే మళ్లీ లాగుతున్నాయంటే అది రెస్ట్‌లెస్ లెగ్స్ కావచ్చు. ఆడవాళ్లలో దీనికి ఐరన్ లోపం తరచుగా కారణమవుతుంది. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలను తెలిపేది) తక్కువగా ఉండొచ్చు కాబట్టి రెండూ పరీక్ష చేయించుకోండి. సాయంత్రం తర్వాత టీ, కాఫీ మానేయండి. ఐరన్ మాత్రలు మాత్రం రిపోర్టు చూశాక డాక్టర్ చెప్పిన మోతాదులోనే వాడండి.