సొంత స్థలమైనా మైక్‌కు అనుమతి కావాల్సిందే

ప్రశ్న: మాది గుంటూరు కొత్తపేట. గత నెల మా సొంత ఖాళీ స్థలంలో నాన్నగారి షష్టిపూర్తి చేశాం. ముందుగా ఫోన్ చేస్తే ఎస్ఐ గారు ‘కానివ్వండి’ అన్నారు. ప్రహరీ గోడ తగాదాతో పగబట్టిన పక్కింటాయన ఫిర్యాదు చేయడంతో రాత్రి 10.40కి పోలీసులు వచ్చి యాంప్లిఫయర్, మిక్సర్ పట్టుకెళ్లారు. బంధువుల్లో నాన్నగారి పరువు పోయింది. మైక్‌సెట్ ఆయన డబ్బు కట్టమంటున్నాడు. పాత తేదీతో దరఖాస్తుకు ముద్ర వేయిస్తానని తెలిసినవారొకరు అంటున్నారు. వచ్చే నెల అక్కడే చెల్లి సీమంతం. ఏం చేయాలి?

జవాబు: పక్కింటాయన పగ మీ కేసులో దేనికీ పనికిరాదు. స్థలం ఎవరిదన్నదీ ప్రశ్న కాదు. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం మైక్ పెట్టాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. అది ఇచ్చే అధికారి డీఎస్పీ స్థాయికి తగ్గకూడదు. ఎస్ఐ గారి ఫోన్ మాట ఎక్కడా నిలవదు. అనుమతి ఉన్నా సరే, ఆరుబయట రాత్రి 10 తర్వాత మోగించకూడదు. షామియానాకు, వంటలకు అంత ఖర్చు పెట్టినవారు ఒక్క అర్జీ రాసివ్వలేకపోయారా?

ముద్ర మాట మాత్రం ఇక ఎత్తకండి. ముందు ఎఫ్ఐఆర్ నకలు తెచ్చుకుని సెక్షన్లు చూడండి. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 292, అంటే పబ్లిక్ న్యూసెన్స్ ఒక్కటే ఉంటే జరిమానా వెయ్యి రూపాయలకు మించదు. ఆరు నెలలు దాటితే సాధారణంగా కోర్టు దాన్ని విచారణకు తీసుకోదు. అదే దొంగ ముద్ర అయితే ఫోర్జరీ. అధికారి ఇచ్చినట్టు దొంగ పత్రం సృష్టిస్తే ఏడేళ్ల వరకు జైలు పడవచ్చు, ఆ కేసుకు కాలపరిమితి కూడా ఉండదు. దరఖాస్తు నంబరు ఆఫీసుకు వచ్చిన అర్జీలు నమోదు చేసే ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో లేకపోతే ఒక్క పూటలో దొరికిపోతారు. వెయ్యి రూపాయల కేసును చేజేతులా జైలు కేసు చేసుకోకండి.

ఆ రాత్రి మీవాళ్లు తీసిన వీడియోలు ఉంటే చెరిపేయవద్దు. మీకు వ్యతిరేకంగా ఉన్నా సరే. సాక్ష్యం మాయం చేశారన్న మాట పడితే ఇంకా కష్టం.

సామాన్ల కోసం స్టేషన్ చుట్టూ తిరగనక్కర్లేదు. స్వాధీనం చేసుకున్నప్పుడు సాక్షుల సమక్షంలో రాసిన మధ్యవర్తుల నివేదిక (పంచనామా) నకలు తీసుకోండి. అందులో ప్రతి వస్తువూ, సమయమూ ఉన్నాయో లేదో చూడండి. మైక్‌సెట్ యజమాని తన పేరున కొన్న బిల్లులు జతచేసి మేజిస్ట్రేట్ కోర్టులో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 503 కింద పిటిషన్ వేయాలి. మీ పేరుతో వేస్తే ‘నీదని రుజువేది?’ అంటారు. పట్టుకున్న వస్తువులను స్టేషన్లలో మూలన పడేయవద్దని సుందర్‌భాయి అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. పూచీకత్తు మీద ఇస్తారు. ఆయనకు కోర్టు ఖర్చులు మీరే పెట్టుకోండి, అది న్యాయం.

సీమంతానికి ఇప్పుడే డీఎస్పీ ఆఫీసులో అర్జీ ఇవ్వండి. తేదీ, వేళలు, స్థలం, ఎన్ని స్పీకర్లో రాయండి. నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. అర్జీ ఇచ్చినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు, ఉత్తర్వు చేతికి అందాలి. మీ కొత్తపేట నిండా ఆసుపత్రులే. మీ స్థలం నిశ్శబ్ద మండలంలోకి, అంటే ఆసుపత్రుల వంటి వాటి చుట్టూ మైకులు నిషేధించిన ప్రాంతంలోకి వస్తుందేమో డీఎస్పీ ఆఫీసులోనే అడగండి, వస్తే మైక్ మాటే వద్దు. మామూలు నివాస ప్రాంతమైతే పగలు మీ హద్దు దగ్గర శబ్దం 60 డెసిబెల్స్ దాటకూడదు. పెద్ద బాక్సులకు ఇది చాలదు, మైక్‌సెట్ ఆయనకు ముందే చెప్పండి. షామియానా గుంజ ఒక్కటి రోడ్డు మీద పాతినా నగరపాలక సంస్థ అనుమతి విడిగా తీసుకోవాలి.