కోడిగుడ్డు పెంకుల ఉత్ప్రేరకం మూడోసారికే ఎందుకు నీరసించింది?

వాడేసిన వంటనూనె నుంచి బయోడీజిల్ చేయడానికి కోడిగుడ్డు పెంకుల కాల్షియం ఆక్సైడ్‌ను వాడుతున్నాననీ, మొదటిసారి 95 శాతం వచ్చిన దిగుబడి మూడోసారికి సగానికి పడిపోయిందనీ, ఉత్ప్రేరకాన్ని మార్చాలా అనీ మీరు అడిగారు. హైదరాబాదులో పరిశోధన చేసిన రోజుల్లో నేను దాదాపు రెండేళ్లు ఇదే పదార్థంతో గడిపాను. మార్చడం గురించి ఆలోచించే ముందు, మొదటిసారి వచ్చిన ఆ 95 శాతంలో ఘనపదార్థం చేసిన పని ఎంతో, దాని నుంచి, నూనెతో చర్య జరిపే మెథనాల్‌లోకి కరిగిపోయిన కాల్షియం చేసిన పని ఎంతో తేల్చుకోండి.

మేము పెంకుల లోపలి పొరను ఒలిచి, కడిగి, ఆరబెట్టి, 900 డిగ్రీల దగ్గర మఫిల్ ఫర్నేసులో (అధిక వేడినిచ్చే విద్యుత్ కొలిమిలో) కాల్చేవాళ్లం. 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్ పూర్తిగా కాలితే 56 గ్రాముల ఆక్సైడ్ మిగలాలి కాబట్టి, క్రూసిబుల్‌ను (కాల్చే మూసను) తూచగానే పని అయిందో లేదో తెలిసేది. మామూలుగా వాడే ఉత్ప్రేరకం సోడియం హైడ్రాక్సైడ్‌తో వచ్చే సబ్బు, ఆ తర్వాత పదేపదే నీళ్లతో కడగడం తప్పుతాయన్న ఆశతోనే దీన్ని ఎంచుకున్నాం. దిగుబడి కూడా బాగానే వచ్చేది. ఒకరోజు చర్య మొదలైన అరగంటకు, 60 డిగ్రీల వేడి తగ్గకముందే ద్రవాన్ని వడపోసి, పొడి లేని ఆ ద్రవాన్ని మరో ఫ్లాస్కులో అదే వేడి మీద కలియబెడుతూ ఉంచాను. ఆగిపోవలసిన చర్య ఆగలేదు, ఉపఉత్పత్తి అయిన గ్లిసరాల్ అడుగున చేరుతూనే ఉంది. మెథనాల్ పొరను ఆవిరి చేసి, మిగిలినదాన్ని విలీన ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, నాలుగు చుక్కల అమ్మోనియం ఆక్సలేట్ వేసేసరికి పరీక్షనాళికలో, కాల్షియం కరిగి ఉందని చెప్పే తెల్లని అవక్షేపం దిగింది. అప్పటివరకు ఘన ఉత్ప్రేరకం ఫలితాలని రాసుకున్నవన్నీ మొదటి పేజీ నుంచి మళ్లీ చూసుకోవలసి వచ్చింది.

కాల్షియం ఆక్సైడ్ చర్యలో పుట్టే గ్లిసరాల్‌తో కలిసి కాల్షియం గ్లిసరాక్సైడ్‌గా మారుతుంది. అది కూడా ఉత్ప్రేరకమే, కానీ కొంత కరుగుతుంది. దీనికి గాలి తోడవుతుంది. వడపోసిన పొడిని వానాకాలంలో బల్ల మీద ఆరబెడితే తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుని హైడ్రాక్సైడ్‌గా, కార్బొనేట్‌గా మారిపోతుంది. పొడిలో ఏ పదార్థాలున్నాయో చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌ను రాగి నుంచి వచ్చే ఎక్స్‌రేలతో తీస్తే, 37.3 డిగ్రీల కోణం దగ్గరి ఆక్సైడ్ శిఖరం కుంగి, 18, 34 దగ్గర హైడ్రాక్సైడ్, 29.4 దగ్గర కార్బొనేట్ శిఖరాలు లేవడం మీకు కనిపిస్తుంది. మూడోసారి వాడిన పొడిలో సగాన్ని మళ్లీ 900 డిగ్రీల దగ్గర కాల్చి, తూచి, నాలుగోసారి వాడి చూడండి. చురుకుదనం తిరిగి వస్తే లోపం ఉపరితలానిది. బరువే తరిగిపోయి ఉంటే, వడపోతలో పోయింది కాకుండా మిగతాది కరిగిపోయిందని అనుకోవచ్చు.

నూనె ఆమ్ల విలువను (ఒక గ్రాము నూనెలోని ఆమ్లాన్ని తటస్థం చేయడానికి కావలసిన పొటాషియం హైడ్రాక్సైడ్‌ను) కూడా టైట్రేషన్‌తో కొలవండి. అది గ్రాముకు 2 మిల్లీగ్రాముల పొటాషియం హైడ్రాక్సైడ్ దాటితే, స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు కాల్షియంను సబ్బుగా మార్చి తినేస్తాయి. అలాంటి నూనెను ముందుగా ఘన ఆమ్లంతో ఎస్టరుగా మార్చుకోవడం మంచిది. హైదరాబాదులోని ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ) పరిశోధకులు గ్లిసరాల్‌నే సల్ఫ్యూరిక్ ఆమ్లంతో సల్ఫోనిక్ ఆమ్ల సమూహాలున్న కార్బన్‌గా, అంటే అలాంటి ఒక ఘన ఆమ్లంగా మార్చి, బయోడీజిల్‌కు ఉత్ప్రేరకంగా వాడి చూపించారు. ఉపఉత్పత్తే తిరిగి పనికి రావడం నాకు ఎంతో నచ్చిన విషయం. అయితే ఈ కార్బన్ కూడా మెథనాల్‌లోకి ఆమ్ల సమూహాలను వదలవచ్చు కాబట్టి, పైన చెప్పిన వేడి వడపోత పరీక్ష దీనికీ చేయాలి.

మీరు ఒక్కో పరుగును, అంటే ఒక్కోసారి నడిపే చర్యను, ఎన్ని గంటలకు ఆపుతున్నారో రాయలేదు. చాలామంది మూడు గంటలు నడిపి, చర్య పూర్తయ్యాక దిగుబడిని కొలుస్తారు. అలా కొలిస్తే సగం చచ్చిన ఉత్ప్రేరకం కూడా ఆరోగ్యంగానే కనిపిస్తుంది. మొదటి పరుగులో సుమారు సగం మార్పు జరిగే సమయం ఎంతో కనుక్కుని, ప్రతి పరుగునూ ఆ నిమిషం దగ్గరే పోల్చండి. మీ దగ్గర మొదటి పతనం బహుశా రెండో పరుగులోనే మొదలై ఉంటుంది.

కరగడమే కారణమని తేలితే అప్పుడు జింక్ ఆక్సైడ్ వంటివాటితో మిశ్రమ ఆక్సైడ్ ప్రయత్నించండి, ప్రతిసారీ ఇంధనంలో కాల్షియం ఎంత ఉందో కొలిపించండి. యూరప్ బయోడీజిల్ ప్రమాణం ఈఎన్ 14214 కాల్షియం, మెగ్నీషియం రెండూ కలిపి కిలోకు 5 మిల్లీగ్రాములు మించనివ్వదు. మీ థీసిస్‌లో దిగుబడి పట్టిక పక్కనే ఆ అంకెకూ ఒక గడి కేటాయించండి.