ఆకు రాల్చే మాగ్నోలియా కాదు, సంపెంగే. లోపం బోరు నీటిలో ఉంది

ప్రశ్న: పశువుల కొట్టం పక్కన నీడ కోసం మూడేళ్ల కిందట, చలికాలంలో ఆకు రాల్చే మాగ్నోలియా అని నర్సరీవారు చెప్పిన మొక్కను కొని నాటాను. ఎనిమిది అడుగులు పెరిగింది. రెండు నెలలుగా కొత్త ఆకులు పసుపు తిరిగి రాలిపోతున్నాయి. ఇది ఆ చెట్టు స్వభావమేనని నర్సరీవారు అంటున్నారు. మందుల దుకాణంలో తెగులని చెప్పి ఇచ్చిన మాంకోజెబ్‌ను మూడుసార్లు పిచికారీ చేశాను. ఫొటోలు పంపుతున్నాను. ఏం చేయాలి?
– ఒక రైతు, దేవనహళ్లి, బెంగళూరు శివారు

జవాబు: ఇది చెట్టు స్వభావమూ కాదు, తెగులూ కాదు. అసలు మీరు నాటింది ఆకు రాల్చే మాగ్నోలియానే కాదు, మనందరికీ తెలిసిన సంపెంగ. వృక్షశాస్త్రజ్ఞులు సంపెంగను ఇప్పుడు మాగ్నోలియా జాతిలోనే చేర్చారు కనుక నర్సరీవారు చెప్పిన పేరు సగం నిజమే. ఫొటోలో ప్రతి కణుపు వద్ద కొమ్మను చుట్టిన సన్నని వలయం ఆ కుటుంబపు గుర్తు. మర్రి, రావి కొమ్మల మీదా అటువంటి వలయమే ఉంటుంది గాని, వాటిని గిల్లితే పాలు కారుతాయి. మీ చెట్టుకు మొగ్గ ఆకు పంగలో వచ్చింది. ఆకు రాల్చే మాగ్నోలియాలకు నూగు కప్పిన లావుపాటి మొగ్గ కొమ్మ చివర వచ్చి, చాలా రకాల్లో ఆకులు రాకముందే బోడి కొమ్మ మీద విచ్చుకుంటుంది. డార్జిలింగ్, సిక్కిం కొండల్లో అవి పూస్తాయి. చలికాలంలోనూ రాత్రి ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీల దరిదాపుల్లోనే ఉండే బెంగళూరులో వాటికి చాలినంత చలి దొరకదు. సంపెంగ పాత ఆకులు కొన్నింటిని వదులుకుంటుంది గాని బోడిగా మారదు.

సహజంగా ఆకు రాలేటప్పుడు ముదురాకులు ముందు పోతాయి. మీ చెట్టుకు లేతాకులు, అదీ ఈనెలు పచ్చగా మిగిలి మధ్యభాగం మాత్రమే పసుపు తిరిగి, రాలుతున్నాయి. ఇది ఇనుప ధాతు లోపం. మీ ఎర్ర నేలలో ఇనుము లేక కాదు, సున్నపు లవణాలు ఎక్కువగా ఉన్న గట్టి బోరు నీరు మూడేళ్లుగా వేర్ల దగ్గర క్షారగుణం పెంచడం వల్ల అది వేర్లకు అందడం లేదు. డ్రిప్పర్ల చుట్టూ ఫొటోలో కనిపిస్తున్న తెల్లటి పొర మీద నిమ్మకాయ పిండి చూడండి, నురగ వస్తే అది సున్నమే. మాంకోజెబ్‌లో మాంగనీసు, జింకు ఉన్నాయి, ఇనుము లేదు. అంటే మీరు మూడుసార్లు డబ్బు పెట్టి చెట్టుకు అవసరమైనది తప్ప మిగతావి చల్లారు. ఆకు పసుపు తిరిగిందన్న ఒక్క మాటకే శిలీంద్రనాశిని డబ్బా చేతిలో పెట్టే దుకాణదారుకు ఆకు చూపించవలసిన అవసరమే ఉండదు, ఎందుకంటే అతడు దాన్ని చూడడు.

లీటరు నీటిలో ముందుగా 1 గ్రాము సిట్రిక్ ఆమ్లం, తరువాత 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కరిగించి, సాయంత్రం ఆకులు రెండువైపులా తడిసేలా, 10 రోజుల ఎడంతో మూడుసార్లు పిచికారీ చేయండి. ఈ క్రమం మార్చితే గట్టి నీటిలో ఇనుము అడుగుకు దిగిపోతుంది. వాననీరు ఉంటే మరీ మంచిది. పాదులో 10 కిలోల మాగిన పశువుల ఎరువు వేసి, మొదలుకు అడుగు దూరం వదిలి ఎండుగడ్డి కప్పండి. రోజూ డ్రిప్ వదలడం మానేసి, నేల పైభాగం రెండంగుళాల మేర ఆరిన తరువాతే నీరు పెట్టండి.

ఇంకేమీ కొనకముందు పరీక్ష చేయించండి. బోరును పావుగంట నడిపిన తరువాత లీటరు నీటిని శుభ్రమైన సీసాలో, తడి తగిలే చోట అడుగు లోతు వరకు తీసిన మట్టిని అరకిలో సంచిలో తీసుకువెళ్లండి. నగరంలోకి వచ్చే బళ్లారి రోడ్డు మీదే వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణమైన గాంధీ కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. మట్టి ఉదజని సూచిక (పిహెచ్) 7.5 దాటితే, వేర్లకు అందేలా ఇనుమును పట్టి ఉంచే చీలేట్ మందుల్లో చవకగా దొరికే ఇడిటిఎ రకం ఇనుము నేలలో నిలవదు, ఇడిడిహెచ్‌ఎ రకమే అడగండి. దుకాణంలో రెండూ ఒకటేనంటే నమ్మకండి.

ఇప్పటికే పసుపు తిరిగిన ఆకులు పూర్తిగా కోలుకోకపోవచ్చు, కాబట్టి మూడో పిచికారీ తరువాత వచ్చే చిగురు రంగును చూసి ఫలితం నిర్ణయించుకోండి. ఆకు కొసలు మాడితే అన్నభేదిని 3 గ్రాములకు తగ్గించండి.