పోపు లేని కాథలిక్ సంఘాల్లో బిషప్‌ల మీద పెద్ద ఎవరు?

పోపు గారి అధికారం ఒప్పుకోని కాథలిక్ సంఘాల్లో బిషప్‌లకు పైన ఎవరుంటారని అడిగారు. నేను గుంటూరు వైపు ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) కుటుంబంలో పెరిగాను. ఉద్యోగానికి జర్మనీ వచ్చాక బాన్‌లో అలాంటి సంఘమే అయిన ఓల్డ్ కాథలిక్‌ల గుడికి పూజకు వెళ్లేదాన్ని. అక్కడ చూసిందీ, ఫాదర్‌ని అడిగి తెలుసుకున్నదీ చెబుతాను.

పైన ఎవరూ ఉండరు. బిషప్‌లంతా కలిసి కూర్చునే సభ ఒకటి ఉంటుంది, అంతే. 1889 సెప్టెంబరు 24న ముగ్గురు డచ్ బిషప్‌లు, ఒక జర్మన్, ఒక స్విస్ బిషప్ నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఒప్పందం చేసుకున్నారు. అలా ఏర్పడిన ఓల్డ్ కాథలిక్ సంఘాల కూటమినే ఉట్రెక్ట్ యూనియన్ అంటారు. ఉట్రెక్ట్ ఆర్చిబిషప్ సభకు అధ్యక్షత వహిస్తారు గానీ, ఇంకో దేశపు మేత్రాసనం (బిషప్ పాలించే ప్రాంతం) మీద ఆయనకు ఏ అధికారమూ లేదు.

మిగతా బిషప్‌ల సమ్మతి లేకుండా వేరే సంఘానికి ఎవరినీ బిషప్‌గా అభిషేకించకూడదని ఆ రోజే రాసుకున్నారు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఇదే. 1908లో ఇంగ్లండ్ కోసం ఆర్నాల్డ్ హారిస్ మాథ్యూ అనే ఆయన్ని ఉట్రెక్ట్‌లో అభిషేకించారు. 1910లో ఆయన తనంతట తాను వేరేవాళ్లను బిషప్‌లుగా అభిషేకించి, ఆ ఏడాది చివర్లో యూనియన్ నుంచి విడిపోయారు. ఇవాళ రోమ్‌కూ ఉట్రెక్ట్‌కూ చెందకుండా ఇండిపెండెంట్ కాథలిక్ బిషప్‌లమని చెప్పుకునే చాలామంది అభిషేక పరంపర ఆయన దగ్గరికే వెళ్తుంది.

మాట కలవకపోతే? 1996లో జర్మన్ సంఘం స్త్రీలకు గురుపట్టం ఇచ్చింది, అంటే వాళ్లను ఫాదర్లతో సమానంగా గురువులను చేసింది. అదే యూనియన్‌లో ఉన్న అమెరికాలోని పోలిష్ నేషనల్ కాథలిక్ సంఘం ససేమిరా అంది. సభ జర్మన్లను ఆపలేదు, పోలిష్ సంఘాన్ని బలవంతపెట్టనూ లేదు. ఏళ్ల తరబడి మాట్లాడుకున్నారు. చివరికి 2003లో ఆ బంధం తెగింది. పైన ఒక పెద్ద ఉంటే ఇలా జరిగేది కాదని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఆజ్ఞతో నోరు మూయించడం కన్నా, బాధగా ఉన్నా ఒకరినొకరు గౌరవించుకుని విడిపోవడమే నయం.

ఇంకో సంగతి, జర్మనీలో బిషప్‌ని ఎన్నుకునేది సినడ్, అంటే సంఘం ప్రతినిధుల సభ. అందులో గురువులతో పాటు మామూలు విశ్వాసులూ ఓటేస్తారు. మా గుడిలో నా పక్కన కూర్చునే ఆవిడ కూడా ప్రతినిధే. బిషప్ సభకు వెళ్లినప్పుడు వీళ్లందరి అభిప్రాయం వెంట తీసుకెళ్లాలి, తిరిగొచ్చి వీళ్లకు సమాధానం చెప్పుకోవాలి. నిర్ణయాలు ఆలస్యం కావడానికి అదే కారణం.

మీ ఊళ్లో ఎవరైనా ఇండిపెండెంట్ కాథలిక్ బిషప్‌నని వస్తే రెండు ప్రశ్నలు అడగండి: మిమ్మల్ని ఎన్నుకున్నది ఎవరు, మీరు ఏ బిషప్‌ల సభకు జవాబుదారీ?