శంషాబాద్ నుంచి ఢిల్లీకి విమాన దూరం, టైం మనమే ఎలా లెక్కేసుకోవాలి?

రోడ్డు దూరం చూడకండి, అది 1,500 కి.మీ. పైనే ఉంటుంది, విమానానికి దానితో పనే లేదు. ఢిల్లీ మనకు దాదాపు నిట్టనిలువుగా ఉత్తరాన ఉంది కాబట్టి లెక్క చాలా తేలిక. శంషాబాద్ అక్షాంశం 17.2 డిగ్రీలు, ఢిల్లీ ఎయిర్‌పోర్టుది 28.6. తేడా 11.4, ఒక్కో డిగ్రీకి 111 కి.మీ., అంటే సుమారు 1,265 కి.మీ. వేరే దిక్కున ఉన్న ఊళ్లకి మాత్రం ఇలా కుదరదు, గూగుల్ ఎర్త్‌లో స్కేలు పెట్టి కొలవండి, భూమి గుండ్రాన్ని అదే లెక్కలోకి తీసుకుంటుంది.

ఇక టైం. జెట్ విమానం పైకెళ్లాక గంటకు దాదాపు 800 కి.మీ. పోతుంది, ఆ లెక్కన గంటా 35 నిమిషాలు. మరి టికెట్ మీద రెండు గంటల పైన ఎందుకుంటుందంటే, గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా లెక్కేస్తారు, రన్‌వే దాకా మెల్లగా వెళ్లడం, ఎక్కడం, దిగడం అన్నీ కలిపి. అందుకే ఓ అరగంట పైన కలుపుకోండి.

దుబాయ్ టికెట్ అయితే జాగ్రత్త! ఉదయం 10కి బయల్దేరి 12:30కి దిగుతుందని ఉంటే రెండున్నర గంటలు కాదు, అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనక, కాబట్టి నాలుగు గంటలు. తిరుగు ప్రయాణంలో, ముఖ్యంగా చలికాలంలో, పడమటి గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి కాస్త తొందరగా వచ్చేస్తారు.