మెస్ బిల్లు కోసం నైట్ డ్యూటీ వద్దు తల్లీ

ప్రశ్న: మేడమ్, మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక పల్లె. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటాలో బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నాను. మొదటి ఏడాది అయిపోవస్తోంది. రీయింబర్స్‌మెంట్ ఉంది కాబట్టి ట్యూషన్ ఫీజు బాధ లేదు. హాస్టల్, మెస్ కలిపి నెలకు 6,000 అవుతోంది. నాన్న ఆటో నడుపుతారు, అమ్మ కూలికి వెళ్తుంది. వచ్చే ఏడాది ఖర్చుకి నాన్న 60,000 రూపాయలు 3 రూపాయల వడ్డీకి తెస్తానంటున్నారు. అది నాకు ఇష్టం లేదు. కాలేజీ దగ్గర ఒక నర్సింగ్ హోమ్‌లో నైట్ డ్యూటీ చేస్తే నెలకు 8,000 ఇస్తామన్నారు. సీనియర్లు ఇద్దరు చేస్తున్నారు. చేరమంటారా? ఇంటర్ బైపీసీ చదువుతున్న మా చెల్లి కూడా నర్సింగే అంటోంది. తనకి కూడా ఏదైనా చెప్పండి.

జవాబు: చేరొద్దమ్మా. నాన్న మీద భారం పడకూడదని ఆలోచిస్తున్నావు, నీ మనసు నాకు అర్థమైంది. అయినా వద్దనే అంటాను.

ముందు ఆ 8,000 సంగతి చూద్దాం. నైట్ డ్యూటీ అంటే 12 గంటలు. నెలకు 26 రాత్రులు అనుకుంటే 312 గంటలు. అంటే గంటకు పాతిక రూపాయలు కొంచెం పైన. ఇంటి పక్కన చంటిపిల్లను చూసుకున్నా ఇంతకంటే ఎక్కువే ఇస్తారు. ఇక నీ కోర్సు వైపు చూడు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సిలబస్ ప్రకారం క్లాసులు, ల్యాబ్, క్లినికల్ పోస్టింగ్ (ఆసుపత్రి వార్డుల్లో శిక్షణ) కలిపి వారానికి 40 గంటలు. 8వ సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌లో అవి 48 అవుతాయి. దానికి ఆరు నైట్‌లు, అంటే 72 గంటలు కలిపితే వారంలో 112 గంటలు డ్యూటీకే పోతాయి. మిగిలిన 56 గంటల్లోనే నిద్ర, తిండి, బస్సు, స్నానం, చదువు అన్నీ సర్దుకోవాలి. అంటే రోజుకు ఎనిమిది గంటలే.

థియరీకి 80 శాతం హాజరు ఉంటే పరీక్షకు కూర్చోనిస్తారు. క్లినికల్స్ అలా కాదు, డిగ్రీ చేతికి రావాలంటే నూటికి నూరు శాతం గంటలు పూర్తి చేయాల్సిందే. నా దగ్గరకు వచ్చిన ఒక అమ్మాయి నీలాగే నైట్‌లు చేసింది. పగలు వార్డులో నిలబడలేక వారానికి ఒకటి రెండు పోస్టింగ్‌లు మానేసేది. చివరి పరీక్షలు పాసైంది, కానీ బాకీపడ్డ క్లినికల్ గంటలు పూర్తి చేయడానికి నెలల తరబడి కాలేజీ చుట్టూ తిరిగింది. ఆ నెలలకి కూడా హాస్టల్ బిల్లు కట్టింది. నర్సింగ్ హోమ్‌లో సంపాదించిందంతా అక్కడికే సరిపోయింది.

ఇంకొకటి. నువ్వింకా రిజిస్టర్డ్ నర్సువి కాదు. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేకుండా రాత్రంతా రోగుల్ని నీ ఒక్కదాని మీద వదిలేస్తే, ఏ ఇంజెక్షనో తేడా కొట్టినప్పుడు పేరు నీదే వస్తుంది. కాలేజీ పోస్టింగ్‌లో సూది గుచ్చుకుంటే ట్యూటర్‌కి చెప్తావు, రక్త పరీక్ష చేయిస్తారు. అక్కడ నీ పేరు అటెండెన్స్ రిజిస్టర్‌లో కూడా ఉండదు. సీనియర్లు చేస్తున్నారంటున్నావు కదా, వాళ్లను కూర్చోబెట్టి రెండే ప్రశ్నలు అడుగు: రోజుకి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, ఎన్ని సబ్జెక్టులు మిగిలాయి అని.

ఇక నాన్న తెస్తానంటున్న అప్పు. 3 రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది, ఏడాదికి చూస్తే 36 శాతం. 60,000కి నెలకు 1,800. అసలులో రూపాయి తగ్గకుండానే 33 నెలల్లో కట్టిన వడ్డీయే దాదాపు అసలంత అవుతుంది. మరుసటి ఏడాది మళ్లీ 60,000, ఆపై ఏడాది ఇంకో 60,000 తెస్తే ఆటో సంపాదన వడ్డీకే పోతుంది. ఇది నాన్నకి తెలియదని కాదు. వేరే దారి ఉందని ఎవరూ చెప్పి ఉండరు.

ఉంది. ఎడ్యుకేషన్ లోన్ ఫీజుకే ఇస్తారని మన ఊళ్లలో చాలామంది అనుకుంటారు. రీయింబర్స్‌మెంట్ ఉంటే ఇక లోన్ అవసరమే లేదని బ్యాంకు గడప కూడా తొక్కరు. నిజానికి బ్యాంకుల మోడల్ ఎడ్యుకేషన్ లోన్‌లో హాస్టల్, మెస్ ఖర్చు, పుస్తకాలు, యూనిఫామ్, పరికరాలు కూడా వస్తాయి. కాలేజీ హాస్టల్ కాకుండా బయట ఉన్నా న్యాయమైన ఖర్చు లెక్కలోకి తీసుకుంటారు. 4 లక్షల వరకు ఏ ఆస్తీ తనఖా పెట్టక్కర్లేదు, మన వాటా అని ముందుగా డబ్బు కట్టక్కర్లేదు. నాన్న గానీ అమ్మ గానీ నీతోపాటు సంతకం పెడితే చాలు. తిరిగి కట్టడం కోర్సు అయ్యాక ఇంకో ఏడాదికి మొదలవుతుంది.

నీకు ఇంకా మూడేళ్లు ఉంది. ఏడాదికి 60,000 చొప్పున 1,80,000 కావాలి. వడ్డీ 10 శాతం అనుకుందాం. ఆడపిల్లలకు కొన్ని బ్యాంకులు అర శాతం తగ్గిస్తాయి, అడుగు. కోర్సు కాలంలో సాధారణ వడ్డీయే, చక్రవడ్డీ పడదు. వాయిదాలు మొదలయ్యే నాటికి వడ్డీ 54,000 అవుతుంది, మొత్తం 2,34,000. ఏడేళ్లలో తీర్చేలా పెట్టుకుంటే నెలకు సుమారు 3,900. స్టాఫ్ నర్సుగా ప్రైవేటులో తొలి జీతం పెద్దగా ఉండదు, అది నీకు తెలుసు. ఆ జీతంలో 3,900 బరువే, అయినా మోయగలిగే బరువు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టు వస్తే మూల వేతనమే 44,900.

కేంద్రం వడ్డీ రాయితీ పథకం ఒకటి ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉన్నవాళ్లకు కోర్సు కాలం, ఆ తర్వాతి ఏడాది వడ్డీని ప్రభుత్వమే కడుతుంది. నర్సింగ్ కౌన్సిల్ ఆమోదం ఉన్న కోర్సులూ దాని కిందకి వస్తాయి. రీయింబర్స్‌మెంట్ తీసుకుంటున్న నువ్వు మాత్రం దాన్ని నమ్ముకుని లెక్క వేయకు. అందుకే పై లెక్కలో వడ్డీ మొత్తం మనమే కడుతున్నట్టు వేశాను. మేనేజ్‌మెంట్ సీటులో, ఏ స్కాలర్‌షిప్పూ లేకుండా చదువుతున్న నీ స్నేహితురాళ్లకు ఈ సంగతి తప్పకుండా చెప్పు. అలాగే ఇంటర్‌లో మంచి మార్కులొచ్చినవాళ్లకు ఏడాదికి 12,000 ఇచ్చే కేంద్ర స్కాలర్‌షిప్ కూడా రీయింబర్స్‌మెంట్‌తో కలవదు. రెండూ పెట్టేసి తర్వాత టెన్షన్ పడొద్దు.

బ్యాంకుకి వెళ్లే ముందు నాన్న ఆటో లోన్ వాయిదాలేమైనా పెండింగ్ ఉన్నాయేమో చూసుకోండి. ఉంటే అవి కట్టాకే దరఖాస్తు పెట్టండి. చాలా దరఖాస్తులు ఇక్కడే ఆగిపోవడం చూశాను. బోనఫైడ్, కన్వీనర్ కోటా అలాట్‌మెంట్ లెటర్, తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం, మార్కుల మెమోలతో పాటు హాస్టల్ ఖర్చు ఎంతో కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించుకో. ఆ చివరి కాగితమే ముఖ్యం, అది లేక ‘ఫీజు ప్రభుత్వం కడుతోందిగా’ అని పంపేస్తారు. ఊళ్లో మీ ఖాతా ఉన్న బ్రాంచికే వెళ్లండి. మేనేజర్ కుదరదంటే కోపం తెచ్చుకోకుండా, కారణం రాసివ్వమని అడుగు. జిల్లాలో లీడ్ బ్యాంక్ మేనేజర్ అని ఒకరుంటారు, ఆ కాగితం పట్టుకుని ఆయన్ని కలవొచ్చు.

స్కాలర్‌షిప్‌లకు దరఖాస్తు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైట్ ఈపాస్‌లో ట్యూషన్ ఫీజు కింద వచ్చే ఆర్‌టీఎఫ్‌తో పాటు, భోజన ఖర్చు కింద ఎంటీఎఫ్ అని వేరేగా వస్తుంది. అది నీ పేరు మీదే మంజూరైందో లేదో కాలేజీ ఆఫీసులో చూపించమను. ప్రతి ఏడాదీ రెన్యువల్ మరవద్దు, ఆధార్‌కి లింకైన ఖాతా మూతపడకుండా చూసుకో. బకాయిలు ఎంత ఆలస్యమవుతాయో నీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే ఆ డబ్బుని నెలవారీ మెస్ బిల్లు లెక్కలో పెట్టుకోవద్దు. వచ్చిన రోజున లోన్ ఖాతాలో జమ చేస్తే చాలు.

అసలు ఈ ఖర్చే తగ్గించుకునే దారి కూడా ఉంది. బీసీ, ఎస్సీ, ఎస్టీ సంక్షేమ శాఖల కాలేజీ హాస్టళ్లు హైదరాబాద్‌లో ఉన్నాయి. వాటిలో సీటు వస్తే మెస్ ఖర్చు ప్రభుత్వానిదే. ఇంటర్ నుంచి పీజీ దాకా పిల్లలకి నెలకు 1,500 ఉన్న మెస్ చార్జీని 2024లో 2,100 చేశారు. చిక్కల్లా టైమింగ్స్‌తోనే. నీకు ఈవినింగ్ షిఫ్ట్ పడితే రాత్రి ఆలస్యమవుతుంది, గేటు వేసేస్తారు. షిఫ్ట్ వివరాలతో మీ ప్రిన్సిపాల్ దగ్గర లెటర్ తీసుకుని వార్డెన్‌కి ముందే ఇస్తే ఒప్పుకుంటారు. కాలేజీ హాస్టల్లోనే ఉండాలని నిబంధన ఉందేమో కూడా ముందే కనుక్కో. దూరం అంటావేమో, 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకి టికెట్ లేదు కదా.

ఖాళీగా కూర్చోకుండా ఏదైనా సంపాదించాలని ఉంటే ఆదివారాల్లో ట్యూషన్ చెప్పు. హాస్టల్ చుట్టుపక్కల ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు నలుగురు దొరికితే, తలా 400 అనుకున్నా 1,600. లోన్ వడ్డీ మొదటి ఏడాది నెలకు 500, తర్వాత 1,000, ఆఖరి ఏడాది 1,500. ఆ ట్యూషన్ డబ్బుతో ఎప్పటికప్పుడు వడ్డీ కట్టేస్తూ పోతే 54,000లో పెద్ద ముక్క కరిగిపోతుంది, కోర్సు అయ్యేసరికి దాదాపు అసలే మిగులుతుంది. పరీక్షల నెలలో మాత్రం ట్యూషన్ మానెయ్.

ఇక చెల్లి సంగతి. తనకింకా సమయం ఉంది, కాబట్టి నీకన్నా మంచి అవకాశాలున్నాయి. ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలో సీటు వస్తే నెలనెలా స్టైపెండ్ ఉంటుంది. 2021లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని బీఎస్సీ మొదటి ఏడాదికి 5,000కు, నాలుగో ఏడాదికి 8,000కు పెంచింది. ఇంకోటి మిలిటరీ నర్సింగ్. నీట్ రాయాలి, దేశం మొత్తానికి 220 సీట్లే, ఆడపిల్లలకే. వసతి, భోజనం, యూనిఫామ్ సైన్యానిదే, పైగా స్టైపెండ్. చదువయ్యాక మిలిటరీ నర్సింగ్ సర్వీసులో పనిచేస్తానని బాండ్ రాయాలి. చెల్లికి అందుకు ఇష్టమేనా అని నువ్వే అడుగు, నీ మాట వింటుంది. ఇష్టమైతే నీట్ ఫిజిక్స్ ఇప్పుడే మొదలుపెట్టమను, బైపీసీ పిల్లలు ఎక్కువగా వెనకబడేది అందులోనే.

ముందు నువ్వు రేపు ఆఫీసు తెరవగానే ఆ హాస్టల్ ఖర్చు లెటర్ అడుగు. అది చేతికొచ్చాక నాన్నకి ఫోన్ చేసి, 3 రూపాయల అప్పు వద్దు, నెల రోజులు ఆగమని చెప్పు.