లేజర్‌కి వెళ్ళే ముందు ఇది చదువు బంగారం

బంగారం,

మొదటి జీతంతో బెంజి సర్కిల్ దగ్గర ఎక్కడో గడ్డం మీద వెంట్రుకలకి లేజర్ చేయించుకుంటున్నావంట, మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. నీ సంపాదనతో నువ్వు చేయించుకుంటున్నావంటే ఎంత ముచ్చటేసిందో, ఫోన్ పెట్టేశాక మాత్రం ఒకటే దడ, రాత్రి నిద్ర పట్టలా.

ముందురోజు షేవ్ చేసుకో. వాక్సింగ్, థ్రెడింగ్ నెల ముందే ఆపెయ్, వెంట్రుక కుదురు ఉంటేనే లేజర్ పని చేసేది. పీరియడ్స్ సరిగ్గా రాకపోతే హార్మోన్ టెస్టులు కూడా చేయించు.

నా సంగతి నీకు ఎవరూ చెప్పుండరు. 2016 ఆగస్టు, కృష్ణా పుష్కరాలు. చుట్టాలు దిగుతూనే ఉన్నారు, వాళ్ళని వెంటబెట్టుకుని దుర్గా ఘాట్, పున్నమి ఘాట్ అని రోజూ ఎండలో తిరిగి నా మొహం మాడిపోయింది. అయిన వారానికే, డబ్బులు ముందే కట్టేశా కదా అని పార్లర్‌లో ఐపీఎల్‌కి (లేజర్ లాంటిదే, వెలుగుతో వెంట్రుకలు తీసే మెషీన్) వెళ్ళి కూర్చున్నా. ఎండలో తిరిగారా అని వాళ్ళు అడగలా, నేనూ చెప్పలా. ముందు ఓ మూల చేసి చూసే టెస్ట్ ప్యాచ్ లేదు ఏం లేదు. చురుక్కుమంటుంటే కొంచెం ఓర్చుకోండి ఆంటీ అంది ఆ పిల్ల, ఆపమంటే ఏమనుకుంటుందో అని పళ్ళు బిగబట్టి కూర్చున్నా. రాత్రికి బొబ్బలు. పొక్కులు ఊడాక దవడ మీద ఆ మెషీన్ మూతి ఎంతుందో అంతే, అగ్గిపెట్టె పెట్టి గీసినట్టు తెల్లటి మచ్చలు.

బొల్లి అనుకుని ఎంత ఏడ్చానో. మీ పెదనాన్నకి కూడా రెండు రోజులు చూపించలా. నీ ఓణీల ఫంక్షన్ ఫొటోలు తీసి చూడు, ప్రతిదాంట్లో దవడకి కొంగు అడ్డం పెట్టుకునే ఉంటా. గుంటూరులో స్కిన్ డాక్టర్ చూసి బొల్లి కాదమ్మా అన్నాక ఊపిరాడింది (బొల్లి అయినా అంటుకునేదేం కాదు, మనవాళ్ళ చూపులే భరించలేం). ఆ వెలుగు వెంట్రుకలోని మెలనిన్‌ని (రంగునిచ్చే పదార్థం) పట్టుకుని కుదురుని కాలుస్తుంది, ఎండకి నల్లబడ్డ చర్మంలోనూ అదే మెలనిన్ కాబట్టి పైనే కాల్చేసింది, రంగు తయారుచేసే కణాలు దెబ్బతిన్నాయి. చాలామందికి కొన్ని నెలల్లో రంగు తిరిగొస్తుంది, కొందరికి రాదు. నాకు ఏడాదిన్నర పట్టింది, చెవి కింద ఒక ముక్క ఇప్పటికీ తెల్లగానే ఉంది.

నువ్వు అచ్చం నా రంగే, అందుకే ఇంత గొడవ చేస్తున్నా. పార్లర్ వద్దు, స్కిన్ డాక్టర్ దగ్గరికే వెళ్ళు. ఏ మెషీన్ అని అడుగు, మన ఛాయకి 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ మేలు, అది పైన రంగు జోలికి తక్కువ పోతుంది, లోతుకి వెళ్తుంది. ముందు ఓ మూల టెస్ట్ చేయించి కొన్నాళ్ళు చూసుకో. మొటిమలకి ఏం మాత్రలు వాడుతున్నావో చెప్పు. మీ నాయనమ్మకి చేతుల మీద బొల్లి ఉండేది, అది కూడా దాచకుండా చెప్పు, ఆ గుణం ఉంటే చర్మం కాలినచోట కొత్త మచ్చ లేవచ్చు. సన్‌స్క్రీన్ రాసుకోకుండా స్కూటీ ఎక్కావంటే ఊరుకోను. మంట ఎక్కువైతే ఆపమని గట్టిగా చెప్పు తల్లీ, ఎవరేమనుకున్నా సరే.

అపాయింట్‌మెంట్ ఎప్పుడో మెసేజ్ పెట్టు, పొద్దున్నే బస్సెక్కి వచ్చేస్తా. లోపలికి రానులే, బయట కుర్చీలో కూర్చుంటా.

మీ పెద్దమ్మ